విడిది ఇల్లు



మొన్న ఆదివారం మా మనవరాలు హైదరాబాదు నుండి ఫోను చేసింది. "తాతగారూ, దసరా సెలవుల్లో మన కోనసీమ ఇల్లు ఖాళీగా ఉందా?" అని అడిగింది. "కాలెండరు చూసి చెబుతానమ్మా" అన్నాను. ఆ పిల్ల సరేనని ఫోను పెట్టేసింది. నేను మాత్రం కొంతసేపు అలాగే కూర్చుండిపోయాను. మా తాతగారు కట్టించిన ఇంటికి ఆ వంశంలో పుట్టిన పిల్ల వెళ్ళడానికి ఖాళీ ఉందా అని అడగడమూ, నేను కాలెండరు చూసి చెబుతాననడమూ మా ఇద్దరికీ సహజంగానే తోచాయి. మా నాన్నగారి కాలంలో ఆ ఇంటి విషయమై ఎవరూ వేయని ప్రశ్న అది. వచ్చేవారు వచ్చేవారు. చోటు చాలకపోతే ఇంకొక చాప పరిచేవారు.

సొంత ఇంటిని కొన్నాళ్ళు మనం వాడుకుంటూ, కొన్నాళ్ళు పరాయివారికి అద్దెకిచ్చుకోవడంలో మాకు కలిగిన అనుభవాన్ని ఇక్కడ రాస్తున్నాను. ఊళ్ళో తాళం వేసి వచ్చిన ఇల్లొకటి మీలో చాలామందికి ఉండే ఉంటుంది. వారికి ఉపయోగపడవచ్చు. ఉపయోగపడకపోయినా, నేను చేసిన పొరపాటు మరొకరు చేయకుండా ఉంటే చాలు.

మాది అంబాజీపేట ప్రాంతంలో ఒక చిన్న గ్రామం. గౌతమీ వసిష్ఠల నడుమ ఉన్న గడ్డ అది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన తరువాత కాలువల నీటితో పచ్చబడిన సీమ. ఆ ఊళ్ళో మా తాతగారు 1938లో మండువా లోగిలి కట్టించారు. మండువా ఇల్లు చూడనివారి కోసం రెండు మాటలు చెప్పాలి. ఇంటి నడుమ కప్పులేని చతురస్రపు పల్లం ఉంటుంది. దాని చుట్టూ నాలుగువైపులా వసారాలు, వసారాల వెనుక గదులు. కప్పు నాలుగువైపుల నుండీ లోపలికి వాలి ఉంటుంది కాబట్టి వాన వస్తే నీరు నాలుగు చూరుల నుండి నడిమి పల్లంలోకి జారి, తూముగుండా పెరట్లోకి పోతుంది. వేసవిలో వేడి పైకి పోతుంది. పగలంతా వెలుతురు, రాత్రి నక్షత్రాలు. వీధివైపు ఎత్తయిన అరుగులు. పెరట్లో నుయ్యి, దాని వెనుక కొబ్బరితోట.

ఆ ఇంటికి ఊళ్ళో ఇంకొక పేరు ఉండేది. విడిది ఇల్లు అనేవారు. ఎవరింట ఆడపిల్ల పెళ్ళి జరిగినా మగపెళ్ళివారిని దించడానికి మా తాతగారిని అడిగేవారు. ఆయన కాదనేవారు కారు. మూడు రోజులో అయిదు రోజులో ముందుగదులన్నీ పెళ్ళివారివి. మేమంతా పెరటి సావిట్లోకి చేరేవాళ్ళం. పిల్లలమైన మాకు అది పండుగ. ఆ పెళ్ళివారు మా ఇంట్లో మా మంచాలమీద కూర్చుని, "నీ పేరేమిటి బాబూ, ఎవరి అబ్బాయివి?" అని మమ్మల్నే అడిగేవారు. మా ఇల్లు ఇతరులకు ఇవ్వడం మాకు కొత్త కాదని చెప్పడానికే ఈ ప్రస్తావన. కొత్తది డబ్బు పుచ్చుకోవడం.

1996 నవంబరు 6వ తేదీ రాత్రి వచ్చిన తుపాను సంగతి కోనసీమ వారెవరికీ చెప్పనక్కరలేదు. ఆ రాత్రి మా వీధిలోని ఇళ్ళకప్పులు లేచిపోతే జనమంతా మా ఇంటికే వచ్చారు. నేనప్పుడు ఉద్యోగరీత్యా వేరే ఊళ్ళో ఉన్నాను. మూడవనాటికి గాని చేరలేకపోయాను. తోట మొత్తం నేలమీద ఉన్నది. ఇంట్లో నలభైమంది ఉన్నారు. మా అమ్మ తూర్పుగదిలో బాలింతరాలిని పడుకోబెట్టి, తాను గడపలో కూర్చుని ఉంది. నన్ను చూసి, "వచ్చావా నాయనా, ఆ గంజి కుండ ఇలా అందుకో" అన్నది. కొడుకు బతికి వచ్చాడని గాని, తోట పోయిందని గాని ఒక్కమాట అనలేదు. ఆ తూర్పుగది గురించి మళ్ళీ చెబుతాను.

1999లో నాన్నగారు పోయారు. 2001లో మా అన్నదమ్ములం ముగ్గురం పంపకాల దస్తావేజు రిజిస్టరు చేయించుకున్నాం. పొలం పంచుకుని ఇంటిని మాత్రం ముగ్గురికీ ఉమ్మడిగా ఉంచుకున్నాం. మా అందరికంటె పెద్దది మా అక్కయ్య. ఆమె పేరు ఆ దస్తావేజులో లేదు. ఆమెకు 1974లో పెళ్ళయింది. పసుపుకుంకుమల కింద అరెకరం ఇచ్చారు. మన రాష్ట్రంలో ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో సమానహక్కు ఇస్తూ 1986లో చట్టం వచ్చింది గాని, అంతకుముందే పెళ్ళయినవారికి అది వర్తించలేదు. ఆ భేదాన్ని తొలగిస్తూ 2005లో కేంద్రచట్టం వచ్చేనాటికి మా దస్తావేజు రిజిస్టరై నాలుగేళ్ళయింది. అక్కయ్య ఎన్నడూ అడగలేదు. మేమూ ఎన్నడూ అనుకోలేదు. అప్పట్లో అది మాకు అన్యాయంగా తోచలేదన్నది నిజం. ఆ నిజాన్ని దాచి ఈ వ్యాసం రాయలేను.

2009లో అమ్మ పోయిన తరువాత ఇంటికి తాళం పడింది. అన్నయ్య 2012లో కాలం చేశాడు. అతని కుమారుడు బెంగుళూరులో ఉంటాడు. తమ్ముడు అమెరికాలో స్థిరపడ్డాడు. నేను రాజమహేంద్రవరంలో. సంక్రాంతికి నాలుగు రోజులు, వేసవిలో ఒక వారం అందరం చేరేవాళ్ళం. మిగతా మూడువందల యాభై రోజులూ ఇంట్లో గబ్బిలాలు ఉండేవి. మనుషులు తిరగని ఇల్లు ఎంత త్వరగా పాడవుతుందో అనుభవించినవారికే తెలుస్తుంది. కోతులు పెంకులు కదిపితే చూసేవారుండరు. ఒక్క పెంకు జరిగితే ఒక వాసం తడుస్తుంది. తడిసిన వాసానికి చెదలు పడతాయి. చెదలు దూలం దాకా వచ్చేవరకు మనకు తెలియదు. నూతిలో నీరు తోడకపోతే పాచి పడుతుంది. 2018 సంక్రాంతికి వెళ్ళేసరికి దక్షిణపు వసారా కప్పు కుంగి ఉంది. వంట చేయడానికి వంటింట్లోకి వెళ్ళడానికే భయపడ్డాం.

ఆ ఏడే నేను పదవీవిరమణ చేశాను. మా అబ్బాయి, "నాన్నగారూ, అరకులోనో మారేడుమిల్లిలోనో ఒక చిన్న ఇల్లు కొందాం. సెలవులకు మనం వెళ్ళవచ్చు. మిగతా రోజులు అద్దెకిద్దాం. దాని ఖర్చు అదే సంపాదించుకుంటుంది" అన్నాడు. అవి రెండూ షెడ్యూల్డు ప్రాంతాలు. అక్కడి భూమిని గిరిజనేతరులు కొనడానికి వీలులేదు. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలను 1970లో సవరించిన శాసనమే అందరూ వన్ ఆఫ్ సెవెంటీ అని పిలిచేది. ఆ మాట చెప్పి, "కొండమీద మనకు ఇల్లు కుదరదు గాని, కాలువగట్టున ఒకటి కూలిపోతున్నది, చూడరాదూ?" అన్నాను. వాడు కొంతసేపు ఆలోచించి, "అదీ నిజమే" అన్నాడు.

2019లో ముగ్గురం కలిసి పదకొండు లక్షలు పెట్టి బాగుచేయించాం. అందులో సగం కప్పుకే అయింది. గూనపెంకులు కప్పగలిగే పనివారు ఇప్పుడు అరుదు. దొరికిన ముసలాయన తన ఇద్దరు మనవళ్ళను వెంటబెట్టుకు వచ్చి నలభైరోజులు చేశాడు. మూడు స్నానాలగదులు కట్టించాం. రెండు గదులకు ఏసీ పెట్టించాం. మా పాత పాలేరు కొడుకును, అతని భార్యను ఇల్లు కనిపెట్టుకుని ఉండడానికి కుదుర్చుకున్నాం. ఆ నవంబరులో మొదటి బృందం వచ్చింది. నాలుగు నెలలు గడిచాయో లేదో కరోనా వచ్చి అంతా ఆగిపోయింది. మళ్ళీ 2021 చివర గాని మొదలు కాలేదు.

లెక్కలు చెప్పడం పెద్దరికానికి తగదనుకునేవారుంటారు. కాని తాళం వేసిన ఇల్లున్నవారికి కావలసినది లెక్కలే. ఏడాదికి సుమారు డెబ్బై రాత్రులు ఇల్లు అద్దెకు పోతుంది. రోజునుబట్టి ఎనిమిది నుండి పదివేలు. అంటే ఆరులక్షల పైచిలుకు. ఇల్లు చూసే దంపతులకు నెలకు పదిహేను వేలు. కరెంటు, చాకలి, నీరు, బుకింగు సంస్థ తీసుకునే భాగం, పెంకులు, సున్నం, చెదలమందు పోగా రెండు లక్షలు మిగిలితే గొప్ప. దాన్ని ముగ్గురం పంచుకోకుండా కప్పు నిధి అని పేరుపెట్టి బ్యాంకులో వేస్తున్నాం. ఇది లాభసాటి వ్యాపారమని ఎవరైనా అంటే నమ్మకండి. ఇల్లు తన కూడు తాను తింటుంది. అంతే.

ఇక వచ్చేవారి సంగతి. ముప్పయ్యారేళ్ళు తెలుగు చెప్పినవాణ్ణి కాబట్టి వారిని ఏ పేరుతో పిలవాలన్నదే నాకు మొదట పట్టుకున్న సమస్య. బుకింగు సంస్థ వారు గెస్టులు అంటారు. అనువదిస్తే అతిథులు. అతిథి అనే మాటకు సంప్రదాయంలో చెప్పే వ్యుత్పత్తి, రాకకు తిథి నియమం లేనివాడు అని. అత్ ధాతువు నుండి, ఎడతెగక సంచరించేవాడు అని చెప్పేవారూ ఉన్నారు. ఏది గైకొన్నా, తేదీ చెప్పి, గంట చెప్పి, ముందుగా సొమ్ము చెల్లించి, ఫలానా తేదీ పదకొండు గంటలకు ఖాళీ చేసే మనిషిని అతిథి అనడానికి నా చదువు ఒప్పుకోలేదు. పోనీ అద్దెవారు అందామా? రెండురోజులుండేవారిని ఆ మాట అనలేం. చివరకు మా పాత మాటే బాగుందనిపించింది. విడిదివారు. ఊళ్ళో కూడా ఇప్పుడు అందరూ అదే అంటున్నారు.

విడిదివారిలో అన్ని రకాలవారూ ఉన్నారు. నూటికి తొంభైమంది మర్యాదస్తులు. ఒకరు భోషాణం మూతమీద వేడిగిన్నె పెట్టి మచ్చ చేశారు. ఇంకొకరు మండువా పల్లంలో మంట వేసి కోడిని కాల్చారు. ఒకాయన అభిప్రాయం రాస్తూ, "ఇల్లు బాగుంది గాని నడిమధ్య కప్పు లేదు, వర్షపునీరు లోపల పడుతోంది, యజమానులు వెంటనే మరమ్మతు చేయించాలి" అన్నాడు. అది చదివి మా ఇంటిల్లిపాదీ ఒక వారం నవ్వుకున్నాం. మరొకసారి విదేశంలో నలభైయేళ్ళున్న ఒక పెద్దమనిషి భార్యతో వచ్చాడు. సన్నికల్లు చూసి, పొత్రాన్ని చేత్తో తడిమి, అలాగే కూర్చుండిపోయాడట. వారి ఇల్లు కూల్చి అపార్టుమెంటు కట్టారట. పోయేటప్పుడు మా పనివాడి చేతులు పట్టుకుని, దీన్ని అమ్మనివ్వవద్దని చెప్పి వెళ్ళాడు. మనుచరిత్రలో ప్రవరుడు ఇల్లు కదలకుండానే ఇంటికి వచ్చినవారిని అడిగి దేశదేశాల సంగతులు తెలుసుకునేవాడు గదా. నాకూ ఈ వయస్సులో ఆ భాగ్యం కొంత పట్టింది. వీలైనప్పుడల్లా నేను వెళ్ళి విడిదివారితో అరుగుమీద గంటసేపు కూర్చునేవాణ్ణి.

మధ్యలో ఒకసారి అంతా ప్రభుత్వలెక్కల్లో ఉంటే మంచిదని, హోమ్‌స్టేలకు కేంద్ర పర్యాటకశాఖ వారిచ్చే గుర్తింపు నిబంధనలు చదివాను. ఒకటి నుండి ఆరు గదులవరకు ఉండవచ్చు. మాకు సరిపోతుంది. కాని యజమాని తన కుటుంబంతో అదే ఇంట్లో నివసిస్తూ ఉండాలి. ఆ వాక్యం దగ్గర ఆగిపోయాను. ముగ్గురు యజమానులున్న ఇల్లు. ఒక్కరూ ఉండరు. వచ్చినవారిని రమ్మనడానికి ఇంటివారు లేని ఇంటిని సర్కారు వారు గృహంగా ఒప్పుకోరన్నమాట. వ్యాకరణం ప్రకారం చూసినా గృహస్థు అంటే గృహంలో ఉండేవాడే. ఆనాడు ఆ సంగతిని చమత్కారంగా తీసుకుని నవ్వి ఊరుకున్నాను.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను.

కనుమనాడు జగ్గన్నతోటలో ప్రభల తీర్థం జరుగుతుంది. చుట్టుపక్కల పదకొండు గ్రామాల నుండి ఏకాదశరుద్రుల ప్రభలు వచ్చి ఆ కొబ్బరితోటలో కలుసుకుంటాయి. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలను కౌశికలో నీళ్ళకడ్డంగా భుజాలమీద మోసుకువస్తారు. అది చూడడానికి ఎక్కడెక్కడివారో వస్తారు. 2023 గణతంత్రదినోత్సవంలో మన రాష్ట్రశకటంగా ఢిల్లీలో ప్రభల తీర్థాన్నే చూపించారు. ఆ తరువాత మాకు పండుగ రోజులకోసం వచ్చే ఫోన్లు పెరిగాయి. కాని భోగి నుండి కనుమ మరునాటివరకు ఇల్లు మాది. కాలెండరులో ఆ తేదీలు మూసి ఉంచేవాళ్ళం. అక్కయ్య తణుకు నుండి తప్పకుండా వచ్చేది. కనుమనాడు ఉదయమే తలంటుకుని, మా అమ్మ గదిలో దీపం పెట్టి, ప్రభలకు వెళ్ళడం ఆమెకు బాల్యం నుండీ అలవాటు. పెళ్ళయి యాభైయేళ్ళవుతున్నా మానలేదు.

2024 సంక్రాంతికి తమ్ముడు రాలేనన్నాడు. మా అన్నకొడుకు అత్తవారింటికి వెళ్ళవలసి వచ్చింది. నా భార్యకు మోకాలి ఆపరేషను అయి నెల కూడా కాలేదు. ఎవరమూ వెళ్ళడం లేదు కాబట్టి ఇల్లు తెరవచ్చు గదా అని మా అన్నకొడుకు వాట్సాపు గుంపులో రాశాడు. పండుగరేటు. మూడు రాత్రులకు యాభైనాలుగు వేలు. ఉత్తరపు వాసాలు మార్చాలని అప్పటికే అనుకుంటున్నాం. సరే అన్నాను. ముగ్గురు భాగస్థులం సరే అనడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. ఆ గుంపులో అక్కయ్య లేదు. భాగస్థులు మాత్రమే ఉన్నారు.

పండుగకు వారం ముందు అక్కయ్యకు ఫోను చేసి, "ఈ ఏడు మేమెవరమూ వెళ్ళడం లేదక్కయ్యా" అని మాత్రం చెప్పాను. ఇల్లు ఇచ్చిన సంగతి చెప్పలేదు. దాచాలని కాదు. చెప్పవలసిన విషయమని తోచలేదు. ఇన్నాళ్ళ తరువాత కూడా ఈ రెంటిలో ఏది ఎక్కువ తప్పో నేను తేల్చుకోలేకపోతున్నాను.

ఉగాదికి లెక్కలు చూడడానికి ఊరు వెళ్ళాను. పనివాడు కొబ్బరిబోండం కొట్టి ఇస్తూ, "అమ్మాయిగారు బాగున్నారాండీ? కనుమనాడు వచ్చెళ్ళాక మళ్ళీ రాలేదండి" అన్నాడు. ఏ అమ్మాయిగారని అడిగాను. "పెద్దమ్మాయిగారేనండి. ఆయ్, ఒక్కరే వచ్చారండి" అన్నాడు.

డెబ్భైయొక్క సంవత్సరాల మనిషి తణుకులో బస్సెక్కి, రావులపాలెంలో దిగి, ఇంకొక బస్సు పట్టుకుని, పండుగ రద్దీలో నిలబడి వచ్చింది. మేము లేకపోయినా తాళంచెవి పనివాడి దగ్గర ఉంటుంది, అమ్మ గదిలో దీపం పెట్టుకుని ప్రభలు చూసి సాయంత్రానికి తిరిగి వెళ్ళవచ్చుననుకుంది. వీధిలో రెండు పెద్దకార్లు ఉన్నాయి. అరుగుమీద ఎవరో పిల్లలు ఆడుకుంటున్నారు. ఆ విడిదివారు చాలా మంచివారట. ఎవరో పెద్దావిడ ఎండలో నిలబడిపోయిందని లోపలికి పిలిచి, కుర్చీవేసి, కాఫీ ఇచ్చారట. తూర్పుగదిలో వారి సామాన్లు ఉన్నాయి. అక్కయ్య కాఫీ తాగి, గ్లాసు తానే నూతిదగ్గర కడిగిపెట్టి, ప్రభలకు కూడా వెళ్ళకుండా బస్సుస్టాండుకు వెళ్ళిపోయిందట. "మాస్టారికి చెప్పకు, పాపం బాధపడతాడు" అని కూడా అన్నదట. వాడు మూడు నెలలు చెప్పలేదు.

నేను రాజమహేంద్రవరం రాకుండా అటునుండి అటే తణుకు వెళ్ళాను. నన్ను చూడగానే అక్కయ్యకు తెలిసిపోయింది. "వాడు చెప్పేశాడా?" అని నవ్వింది. భోజనం పెట్టింది. నేను అన్నం కలుపుతూ తలవంచుకుని, "ఎందుకు చెప్పలేదక్కయ్యా?" అన్నాను.

"ఏం చెప్పమంటావురా? సొమ్మిచ్చి పుచ్చుకున్నవాళ్ళు. ఆ పూటకు ఇల్లు వాళ్ళదే కదా. మర్యాదగానే ఉన్నారు. మన అరుగుమీద నన్ను కూర్చోమన్నారు" అన్నది. కొంచెం ఆగి, "ఆ అమ్మాయి మీరెవరండీ అని అడిగిందిరా. నాకు ఏం చెప్పాలో తోచలేదు. ఈ ఊరి ఆడపడుచునమ్మా అన్నాను. అబద్ధం కాదుగా" అన్నది.

ఈ ఇంటి ఆడపడుచునని అనలేదు. ఈ ఊరి ఆడపడుచునన్నది. ముప్పయ్యారేళ్ళు పిల్లలకు విభక్తులు నేర్పినవాణ్ణి. ఒక్క షష్ఠీవిభక్తిలో ఒక మనిషి జీవితమంతా ఉండగలదని నాకు ఆ రోజున తెలిసింది. అన్నం ముందు కూర్చుని చాలాసేపు మాట్లాడలేకపోయాను. ఆమే మజ్జిగ పోసి, "తినరా, చల్లారిపోతున్నది" అన్నది.

తిరిగివచ్చేటప్పుడు బస్సులో అతిథి శబ్దం మళ్ళీ గుర్తుకు వచ్చింది. విడిదివారికి ఆ మాట వర్తించదని పాండిత్యం ప్రదర్శించిన నేను, ఆ మాట వర్తించే మనిషి ఎవరో ఆలోచించలేదు. ఆ ఇంటికి తిథి చూసుకోకుండా, ముందు చెప్పకుండా రాగలిగిన చివరి మనిషి మా అక్కయ్య. ఆ ఒక్క మనిషికీ చోటు లేకుండా కాలెండరు నింపాం. ఇల్లు నిలబడాలనే చేశాం. కాని ఎవరికోసం నిలబెడుతున్నామో చూసుకోలేదు.

ఆ వారమే తమ్ముడికీ అన్నకొడుకుకూ ఉత్తరంలాగా పెద్ద సందేశం రాశాను. తూర్పుగదిని అద్దె నుండి తీసివేయాలనీ, దాని తాళంచెవి అక్కయ్య దగ్గర ఉండాలనీ, భోగి నుండి కనుమ మరునాటివరకు ఎవరు వెళ్ళినా వెళ్ళకపోయినా ఇల్లు బయటివారికి ఇవ్వరాదనీ రాశాను. అన్నకొడుకు మర్యాదగానే అభ్యంతరాలు చెప్పాడు. అవి కొట్టిపారేయదగ్గవి కావు. పన్నెండుమంది పట్టే ఇల్లు పదిమందికి తగ్గుతుంది. తాళం వేసిన గది ఉంటే వచ్చినవారికి అనుమానం కలుగుతుంది. వారు ఉండగా అత్తయ్య వస్తే ఇద్దరికీ ఇబ్బంది. "ఒక గది ఖాళీగా ఉంచడానికి సంవత్సరానికి అరవై, డెబ్బైవేలు పోతాయి బాబాయ్" అన్నాడు. పోనిమ్మన్నాను. "ఆ గది ఖాళీగా ఉండడం వేరు, మీ అత్తయ్యకోసం ఉండడం వేరు" అన్నాను. తమ్ముడు అమెరికా నుండి రెండే మాటలు రాశాడు. అన్నయ్య చెప్పినట్టే.

అదృష్టవశాత్తు తూర్పుగదికి పక్కదొడ్డిలోకి విడిగా ఒక తలుపున్నది. అమ్మ తెల్లవారుజామున పూలకు వెళ్ళే తలుపు. దానిని బాగుచేయించి, ఒక చిన్న స్నానాలగది అటువైపు కట్టించాం. బుకింగు పేజీలో ఒక వాక్యం చేర్చాం: ఈ ఇంటి ఆడపడుచుకు ఒక గది ప్రత్యేకించబడినది, ఆమె ఎప్పుడైనా రావచ్చును. ఆ వాక్యం చూసి వద్దనుకున్నవారు కొందరున్నారు. దానికోసమే వచ్చామన్నవారూ ఉన్నారు.

తాళంచెవి ఇచ్చినప్పుడు అక్కయ్య వెంటనే తీసుకోలేదు. "నాకెందుకురా, మీ భాగాలు మీవి" అన్నది. తరువాత తీసుకుని పూజామందిరంలో పెట్టింది. ఆరు నెలలవరకు వెళ్ళలేదు. కార్తీకమాసంలో ఒకనాడు చెప్పకుండా వెళ్ళింది. అప్పటికి నాలుగుసార్లు వెళ్ళినట్టు పనివాడి లెక్క. ఒకసారి విడిదివారు ఉండగానే వెళ్ళి, వారి పిల్లలకు నూతిలో బొక్కెన ఎలా ముంచాలో నేర్పిందట. పోయేటప్పుడు ఆ పిల్లలు ఆమె కాళ్ళకు మొక్కారట. సర్కారు వారి నిబంధన ఆ రెండు రోజులైనా మా ఇంట్లో నెరవేరింది. ఇంటివారు ఇంట్లో ఉన్నారు.

దీనితో అంతా సరిపోయిందని నేను అనుకోవడం లేదు. ఇచ్చినది గది. అదీ మేము దయతలచి ఇచ్చినట్టే ఉంది. దయతో ఇచ్చినదాన్ని మా తరువాతివారు తీసుకోవచ్చు. అందుకని నా మూడోవంతులో సగం అక్కయ్య పేర రాసి రిజిస్టరు చేయించాలని నిశ్చయించుకున్నాను. మా అబ్బాయికి చెప్పాను. వాడు ఒప్పుకున్నాడు. అక్కయ్యే ఇంకా ఒప్పుకోవడం లేదు. "ఈ వయస్సులో నాకు దస్తావేజులేమిటిరా" అంటున్నది. తమ్ముడు తన భాగంలోనూ కొంత కలుపుతానన్నాడు. అన్నకొడుకు ఆలోచించి చెబుతానన్నాడు. వాణ్ణి తొందరపెట్టడం లేదు. నేను ఆలోచించడానికి యాభైయేళ్ళు తీసుకున్నాను.

ఇల్లు అద్దెకివ్వవద్దని నేను ఎవరికీ చెప్పను. ఇవ్వకపోయి ఉంటే మా ఇల్లు ఈపాటికి మట్టిదిబ్బ. విడిదివారి సొమ్ముతోనే దూలాలు నిలిచాయి. వారి పిల్లల అల్లరితోనే గబ్బిలాలు పోయాయి. మీరు ఇస్తే మాత్రం ఇచ్చేముందు ఒక చిన్నపని చేయండి. ఆ ఇంటికి చెప్పకుండా రాగలిగినవారు ఎవరెవరున్నారో ఒక కాగితంమీద రాసుకోండి. దస్తావేజులో ఉన్న పేర్లను మాత్రమే చూసి రాయకండి. ఆ తరువాత కాలెండరు తెరవండి.

మనవరాలికి ఆ సాయంత్రమే ఫోను చేశాను. దసరాకు ఇల్లు పూనా వారెవరో తీసుకున్నారు. "ముందుగదులు లేవమ్మా. మామ్మగారి తూర్పుగది ఉంది. మీ పెద్దమ్మమ్మ తాళంచెవి ఇస్తుంది. ఆమెను కూడా వెంటబెట్టుకుని వెళ్ళు" అన్నాను. "ఆవిడను అడగాలా తాతగారూ?" అన్నది. "అడుగు. ఆ ఇంట్లో అడగవలసిన మనిషి ఆవిడే" అన్నాను.

ఉంటాను మరి. మీ ఊళ్ళలోని ఇళ్ళ సంగతులు కూడా తెలియజేస్తే సంతోషిస్తాను.

శెలవు.